పట్టేసిన నట్లు



రెండు వారాలుగా ఇక్కడ ఏమీ రాయలేదని కొందరు ఫోను చేసి అడిగారు. నా ఆరోగ్యం బాగానే ఉంది. మన సంఘం బండికి బ్రేకులు పోయాయి. ఆ మరమ్మతులో పడి, నేను నాలుగేళ్లుగా వాయిదా వేస్తున్న పని ఒకటి ముందుకొచ్చింది. రెండూ కలిపే రాస్తాను, నాకు అవి కలిసే అర్థమయ్యాయి గనుక. ఊళ్లో ఉన్నవాళ్లకు ఇందులో సగం తెలుసు. హైదరాబాదులో, గల్ఫులో ఉండి చదివే మన పిల్లల కోసం మొదటినుంచీ చెబుతాను.

మూడు వారాల క్రితం ఆదివారం ఆరాధన అయ్యాక, ఎప్పటిలాగే మన పాత మారుతి ఆమ్నీలో శివారు పేటవాళ్లను దింపడానికి బయల్దేరాను. ముందు సీట్లో మామ్మగారు, వెనక ఆరుగురు. కాలవ గట్టు మీద మలుపు తిరిగే ముందు బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోయింది. మళ్లీ మళ్లీ తొక్కితే కొంచెం పట్టింది. గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఎలాగో బండి ఆపాను. ఎడమ చక్రానికీ గట్టు అంచుకూ మధ్య మూరెడు జాగా ఉంది. వెనకవాళ్లు "దేవునికి స్తోత్రం" అన్నారు. మామ్మగారు మాత్రం చేతిసంచి సర్దుకుంటూ, "దిగమంటారా అయ్యగారూ?" అని అడిగింది. నాకు జవాబు చెప్పడానికి నోట్లో తడి లేదు.

దిగి చూస్తే ఎడమవైపు వెనక చక్రం లోపలి పక్కంతా బ్రేక్ ఆయిల్‌తో తడిసి ఉంది.

సోమవారం పొద్దున్నే నేనే పనికి కూర్చున్నాను. డబ్బు మిగులుతుందని ఒకటి, నాకు వచ్చు అన్న ధైర్యం ఒకటి. సెమినరీలో గ్రీకు క్రియలు నేర్పారు గానీ బ్రేకు డ్రమ్ము విప్పడం ఎవరూ నేర్పలేదు. చక్రం నట్లు ఒక పట్టాన కదల్లేదు. పానాకు ఇనప గొట్టం తగిలించి, దాని మీద ఎక్కి నిలబడితే కిర్రుమని వదిలాయి. దాంతో నాకు గర్వం పెరిగింది. చక్రం తీశాను. సుత్తితో డ్రమ్ము చుట్టూ బాదాను. రాలేదు. పోనీ ముందు బ్లీడర్ నిపుల్ వదులు చేద్దామని, బ్యాక్ ప్లేటు వెనక ఉన్న ఆ చిన్న నిపుల్‌కు పానా పట్టించి గట్టిగా లాగాను. చేతికి హాయిగా తిరిగినట్టు అనిపించింది. వదిలిందనుకున్నాను. తీరా చూస్తే దాని తల ఊడి పానాలోకి వచ్చేసింది. మిగతా సగం సిలిండర్‌లోనే ఉండిపోయింది.

చేసేది లేక సెంటర్‌లో ఉన్న మెకానిక్ భాయ్‌కి ఫోను చేశాను. సాయంత్రం దుకాణం కట్టేసి వచ్చాడు. విరిగిన నిపుల్ చూసి నవ్వలేదు, తిట్టలేదు. "ఎంత బలం పెట్టారు అయ్యగారూ?" అన్నాడు. "గట్టిగానే పెట్టాను భాయ్" అన్నాను. "అదే. గట్టిగా పడితే ఏది వీకో అది పోతుంది. తుప్పు ఎక్కడికీ పోదు."

ఆ మాట నాకు లోపల ఎక్కడో తగిలింది. ఎందుకు తగిలిందో ఆ క్షణంలో నాకే తెలియలేదు.

మాది సముద్రం దగ్గరి డెల్టా ఊరు. ఉప్పుగాలి, ఉప్పునీటి చెరువులు, వానాకాలమంతా బురద. ఉప్పు తగిలిన ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. ఇనుము తుప్పుగా మారితే అది ముందున్నదానికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నట్టుకూ బోల్టుకూ మధ్య ఉండేది వెంట్రుకవాసి సందు. ఆ సందులో తుప్పు ఉబ్బితే, బిగించిన మనిషి పెట్టని బిగువు కూడా అక్కడ పుడుతుంది. ఇంకో సంగతి కూడా భాయ్ చెప్పాడు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చాలంటారు. మార్చకపోతే ఆ తేమ సిలిండర్‌ను లోపలినుంచి తింటుంది. మనం ఎన్నాళ్లకు మార్చామని అడిగాడు. నేను లెక్క వేసుకుని ఊరుకున్నాను. బండి కొన్నాక ఒక్కసారి కూడా మార్చలేదు.

ఆ సాయంత్రం భాయ్ ఏదీ విప్పలేదు. ఇనప బ్రష్షుతో సిలిండర్ బోల్టుల చుట్టూ, బ్రేకు పైపు నట్టు చుట్టూ మట్టి గోకాడు. డ్రమ్ము నడిమధ్య అది హబ్బును పట్టుకునే అంచు చుట్టూ కూడా గోకాడు. వాటన్నిటికీ తుప్పు వదిలించే నూనె కొట్టాడు. డ్రమ్ము దగ్గర మాత్రం లోపలికి కారకుండా చుక్కలు చుక్కలుగా వేశాడు, లైనర్లకు నూనె తగిలితే బ్రేకు పట్టదు గనుక. చిన్న సుత్తితో ఒక్కో బోల్టు తల మీద టక్ టక్‌మని నాలుగు దెబ్బలు వేశాడు. బలమైన దెబ్బలు కావు, తలుపు తట్టినట్టు. ఆ అదురుకు తుప్పు పొరలో సన్నని బీటలు పడతాయట, వాటిలోంచి నూనె లోపలికి దిగుతుందట.

"మంట పెడితే తొందరగా అయిపోతుంది కదా భాయ్?" అన్నాను. షాపులో అతని దగ్గర గ్యాస్ టార్చి ఉంది.

"నట్టు వేడెక్కితే వ్యాకోచించి వదుల్తుంది, నిజమే. కానీ ఇక్కడ పక్కనే రబ్బరు హోసు ఉంది, బ్రేక్ ఆయిల్ ఉంది, అవతల బేరింగులో గ్రీజు ఉంది. నట్టు కోసం మంట పెడితే చుట్టూ ఉన్నవి కాల్తాయి." చేతులు తుడుచుకుని లేచాడు. "రాత్రికి ఇలాగే వదిలెయ్యండి. పడుకునే ముందు ఇంకోసారి నూనె వెయ్యండి. పానా మాత్రం పట్టుకోకండి."

రాత్రి పదింటికి టార్చిలైటు పట్టుకుని నూనె వేయడానికి బండి కిందికి దూరాను. అక్కడ, ఆ చల్లటి మట్టి మీద వెల్లకిలా పడుకుని ఉండగా, సాయంత్రం నుంచి లోపల గుచ్చుకుంటున్న మాట ఎవరి గురించో తెలిసింది.

ముందు సీట్లో కూర్చున్న మామ్మగారి పెద్దకొడుకు ఒకప్పుడు మన సంఘ పెద్ద. ట్రెజరర్ కూడా. ఆయన అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. నాలుగేళ్ల క్రితం మందిరం స్లాబు వేసే రోజుల్లో కానుకల లెక్క చూపించడం ఆలస్యమైంది. ఎవరెవరో నా చెవిన ఏవేవో వేశారు. నేను ఆయన ఇంటికి వెళ్లి అడగలేదు. ఒక ఆదివారం, ప్రసంగ వేదిక మీద నిలబడి, పేరు చెప్పకుండా, కానీ పసిపిల్లలకు కూడా అర్థమయ్యేలా, దేవుని సొమ్ము దగ్గర నమ్మకంగా ఉండనివారి గురించి మాట్లాడాను. ఆయన రెండో వరసలో కూర్చున్నారు. తల వంచుకుని ఆఖరి ప్రార్థన వరకు ఉన్నారు. బుధవారం లెక్కల పుస్తకం మనిషి చేత పంపారు. రూపాయితో సహా సరిపోయింది. ఆలస్యానికి కారణం సిమెంటు కొట్టువాళ్లు బిల్లు ఇవ్వకపోవడం. ఆ తర్వాత ఆయన మన గుమ్మం తొక్కలేదు.

మంట పెడితే చుట్టూ ఉన్నవి కాల్తాయని భాయ్ అన్నది రబ్బరు హోసు గురించే. నాకు మాత్రం ఆయన భార్య, ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. వాళ్లూ ఆ ఆదివారంతోనే మానేశారు. ఒక్క మామ్మగారే వస్తున్నారు, మన బండిలో.

నేను ఊరికే ఉన్నానా అంటే, లేను. అదే నా సమస్య. రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని వెళ్లాను. క్షమించకపోతే పరలోకపు తండ్రి కూడా క్షమించడని వాక్యం తీసి చూపించాను. తప్పు చేసినవాడు దెబ్బ తిన్నవాడికి ఆ వాక్యం చూపించడం ఎలాంటిదో అప్పుడు తోచలేదు. రెండోసారి క్రిస్మస్‌కు కేకు పట్టుకుని వెళ్లి, "జరిగిందేదో జరిగింది, అన్నీ మర్చిపోదాం అన్నా" అన్నాను. మర్చిపోవాల్సింది ఆయన, మర్చిపోదామన్నది నేను. రెండుసార్లూ పానాకు గొట్టం తగిలించి ఎక్కి నిలబడ్డాను. ప్రతిసారీ ఆయన ఇంకాస్త బిగుసుకున్నారు. ఆయన హృదయం కఠినమైందని నా ప్రార్థనల్లో దేవునితో ఫిర్యాదు కూడా చేశాను.

సామెతలు 18వ అధ్యాయం 19వ వచనంలో ఒక మాట ఉంది, మీరు తీసి చదవండి. మనసు నొచ్చుకున్న సహోదరుణ్ణి తిరిగి సంపాదించుకోవడం కోటను పట్టుకోవడం కన్నా కష్టమని, వివాదాలు కోట తలుపుల అడ్డగడియల వంటివని దాని భావం. ఈ వచనాన్ని నేను ఎన్నోసార్లు ఎదుటివాళ్ల మొండితనం గురించి చెప్పడానికి వాడాను. ఆ రాత్రి బండి కింద అది వేరే రకంగా వినబడింది. గడియ తనంతట తాను పడదు. ఎవరో వేస్తేనే పడుతుంది. ఆ కోటకు గడియ వేయించింది నేను.

మర్నాడు పొద్దున ఏడింటికి భాయ్ వచ్చాడు. మళ్లీ నాలుగు దెబ్బలు తట్టాడు. రెండు వైపులా నోరున్న నా పానా పక్కన పెట్టించి, నట్టు ఆరు ముఖాలనూ పట్టుకునే బాక్స్ పానా తీశాడు. రెండు ముఖాల మీదే పట్టుంటే మూలలు అరిగి నట్టు గుండ్రమైపోతుందట. తర్వాత అతను చేసిన పని చూసి ఆశ్చర్యపోయాను. విప్పే వైపు కాకుండా బిగించే వైపు తిప్పాడు, రవ్వంత.

"అదేంటి భాయ్, ఇంకా బిగిస్తున్నావు?"

"ముందు దాని వైపుకు ఒక్క పిసరు పోవాలి అయ్యగారూ. తుప్పు పగుల్తుంది. అప్పుడు మన వైపుకు వస్తుంది."

నిజంగానే చిన్న 'టిక్' మని చప్పుడైంది. అప్పుడు విప్పే వైపు పావు చుట్టు. మళ్లీ వెనక్కి. చుక్క నూనె. మళ్లీ పావు చుట్టు. ఒకేసారి తిప్పేస్తే తుప్పు పొడి మరల మధ్య చిక్కుకుని సగంలో మళ్లీ పట్టేస్తుందట. వెనక్కీ ముందుకీ ఆడిస్తే పొడి రాలిపోయి దారి ఇస్తుంది. ఒక్కో బోల్టుకు పది నిమిషాలు పట్టింది. ఒక్కటీ విరగలేదు.

డ్రమ్ము సంగతి ఇంకా బాగుంది. నేను అంత బాదినా రానిదానికి, దాని ముఖం మీదే రెండు మర రంధ్రాలు ఉన్నాయి. మట్టి పూడుకుపోయి నాకు కనబడలేదు. వాటిలోకి రెండు ఎనిమిది ఎంఎం బోల్టులు ఎక్కించి, ఇటు ఒక అర చుట్టు, అటు ఒక అర చుట్టు, సమంగా బిగిస్తూ పోయాడు. డ్రమ్ము తనంతట తానే హబ్బు నుంచి బయటికి జరుగుతూ వచ్చి, టప్పున చేతిలోకి ఊడిపడింది. దాన్ని తయారుచేసినవాళ్లే, ఇది ఒకరోజు పట్టేస్తుంది, అప్పుడు ఇలా తీయాలని ముందే దారి పెట్టి ఉంచారు. మనల్ని చేసినవాడు మాత్రం పెట్టడా? ప్రతి మనిషి దగ్గరా ఆ చోటు ఎక్కడో ఉంటుంది. మనం వెతకం. సుత్తి తీసుకుంటాం.

లోపలి దుమ్మును నోటితో ఊదబోతే భాయ్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. పాత లైనర్ల దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదని తడిగుడ్డతో తుడిచాడు. లైనర్లు ఆయిల్‌తో నాని పనికిరాకుండా పోయాయి. రెండు వెనక చక్రాలకూ కొత్తవి వేయాల్సి వచ్చింది. నేను విరగ్గొట్టిన నిపుల్‌కు డ్రిల్లు వేసి తీయొచ్చు గానీ, అసలు సిలిండరే కారుతోంది కాబట్టి అదీ కొత్తది వేశాడు. విరిగినదాన్ని విరగనట్టు చేయలేం. కొత్తది వేసి బండి నడిపించొచ్చు. దానికి ఖర్చు ఉంటుంది, ఆ ఖర్చు విరగ్గొట్టినవాడు పెట్టుకోవాలి.

పని అయ్యాక మా అబ్బాయి పెడల్ తొక్కుతుంటే గొట్టంలోంచి బుడగలు పోయేదాకా ఎయిర్ తీశాం. చివర్లో, డ్రమ్ము హబ్బుకు ఆనే చోట భాయ్ పల్చగా గ్రీజు రాశాడు. లైనర్లకు తగలనివ్వలేదు, చక్రం నట్లకు రాయనివ్వలేదు. "మళ్లీ విప్పేవాడికి కష్టం కాకూడదు కదా" అన్నాడు.

బుధవారం సాయంత్రం నేనొక్కణ్ణే ఆ ఇంటికి వెళ్లాను. బైబిలు తీసుకెళ్లలేదు. కేకు తీసుకెళ్లలేదు. ఆయన అరుగు మీద వల బాగు చేసుకుంటున్నారు. దారిపొడుగునా భాయ్ చెప్పిన మాటే అనుకుంటూ వెళ్లాను: ముందు దాని వైపుకు ఒక్క పిసరు.

"అన్నా, మిమ్మల్ని మందిరానికి రమ్మనడానికి రాలేదు" అన్నాను. "ఆ రోజు నేను చేసింది తప్పు. లెక్కలో పొరపాటు మీది కాదు. ఇంటికొచ్చి ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది, నేను అడగలేదు. నలుగురిలో అన్నాను. తర్వాత వచ్చిన రెండుసార్లు కూడా నా బరువు దించుకోవడానికే వచ్చాను. మీరు బాధపడటం న్యాయం."

ఆయన వలలోంచి తల ఎత్తలేదు. చాలాసేపటికి, "నలుగురిలో అన్నారు" అన్నారు. అంతే.

"నలుగురిలోనే చెబుతాను అన్నా. అదే చోట నిలబడి."

లోపల్నుంచి ఆవిడ మజ్జిగ తెచ్చి ఇచ్చారు. తాగి వచ్చేశాను.

ఆ ఆదివారం ప్రసంగానికి ముందు నేను ఏం చెప్పానో మందిరంలో ఉన్నవాళ్లు విన్నారు. దూరంగా ఉన్నవాళ్ల కోసం ఇక్కడా రాస్తున్నాను: నాలుగేళ్ల క్రితం నేను ఈ సంఘం ఎదుట ఒక నిర్దోషి మీద నింద మోపాను. లెక్కలు సరిగ్గా ఉన్నాయి. తప్పు నాది. ఆయనను, ఆయన ఇంటివారిని, ఆ మాట విన్న మీ అందరినీ క్షమాపణ అడుగుతున్నాను.

అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో మార్కు విషయమై పౌలుకూ బర్నబాకూ తీవ్రమైన వాదం జరిగి ఇద్దరూ చెరో దారీ పట్టారు. పౌలు అంతటివాడికి కూడా అది ఆ రోజే సర్దుకోలేదు. కానీ తిమోతికి రాసిన రెండో పత్రిక చివరి అధ్యాయంలో, చెరసాల నుంచి, అదే మార్కును వెంటబెట్టుకుని రమ్మని, అతడు తన పరిచర్యకు ఉపయోగపడేవాడని పౌలు రాస్తాడు. ఆ మధ్యలో ఎన్నేళ్ల నూనె, ఎన్ని పావు చుట్లు ఉన్నాయో లేఖనం మనకు చెప్పదు. వదిలిందని మాత్రం చెబుతుంది.

ఇది చదివి, మీరు కూడా రేపే ఎవరింటికో వెళ్లి అన్నీ సరిచేసేయాలని తొందరపడకండి. ముందు ఒక్కటి చూసుకోండి. ఆ నట్టు బిగుసుకోవడంలో మీ చెయ్యి ఎంత ఉంది? మీరు వెళ్లేది వాళ్ల కోసమా, మీ బరువు దించుకోవడానికా? ప్రార్థన చేసి, ఒక్క నిజమైన మాట చెప్పి, వచ్చేయండి. రాత్రంతా నూనె పని నూనె చేస్తుంది. పరిశుద్ధాత్మ పని పరిశుద్ధాత్మ చేస్తాడు. పానా మాత్రం పట్టుకోకండి.

మరి ఆయన మందిరానికి వచ్చారా అని మీరు అడుగుతారు. ఇంకా రాలేదు.

కానీ మొన్న ఆదివారం మామ్మగారి కోసం వాళ్లింటి ముందు బండి ఆపినప్పుడు ఆయన బయటికి వచ్చారు. నాలుగేళ్లలో మొదటిసారి. నాతో మాట్లాడలేదు. డ్రైవరు వైపు తలుపు తీసి, నన్ను దిగమన్నట్టు చూశారు. దిగాను. ఆయన ఎక్కి కూర్చుని, బ్రేకు పెడల్ రెండుసార్లు తొక్కి చూశారు. మూడోసారి తొక్కి, కాలు అలాగే ఉంచి కాసేపు చూశారు. పెడల్ దిగలేదు.

"బాగానే ఉంది" అన్నారు. తల్లిని చెయ్యి పట్టి ఎక్కించి, తలుపు వేసి, లోపలికి వెళ్లిపోయారు.

పావు చుట్టు. నాకు అది చాలు.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, నా తొందరలో నేను విరగ్గొట్టినవాటి కోసం నన్ను క్షమించు. బలం పెట్టకుండా వేచి ఉండే ఓపిక నాకు దయచేయి. ముందుగా తగ్గి వెళ్లే మనసు ఇవ్వు. నీ బిడ్డల మధ్య పట్టిన తుప్పును నీ ఆత్మ తైలంతో వదిలించు. యేసు నామంలో అడుగుతున్నాను తండ్రీ, ఆమేన్.

మీ ప్రార్థనల్లో ఆ కుటుంబాన్నీ నన్నూ జ్ఞాపకం చేసుకోండి. రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్పించండి.

ప్రభువు సేవలో,
మీ సంఘ కాపరి